మిస్డ్ కాల్ ఇచ్చి మరీ బ్లాక్ చేసిన చిన్నత్త

ఆ రోజుల్లో ఒకరి మీద అలగాలంటే మనిషి కొంచెం కష్టపడాల్సి వచ్చేది. ఎదురుపడినప్పుడు మొహం తిప్పుకోవాలి, వాళ్ల గుమ్మం ముందు నుంచి వెళుతూ కావాలని చెప్పులు టపటపలాడించాలి, ప్రార్థన కూటంలో పక్కన చాప ఖాళీగా ఉన్నా లేచి వెళ్లి వెనక వరసలో కూర్చోవాలి. ఇంత చేసినా అవతలివాళ్లు గమనించకపోతే పడ్డ శ్రమంతా వృథా. అలాంటి కాలంలో, రెండువేల ఎనిమిదో తొమ్మిదో, కూర్చున్నచోటి నుంచి కదలకుండా అలిగే వీలున్న ఫోన్లు మా తాడేపల్లిగూడెంలోకి దిగాయి. పేరూ ఊరూ తెలియని కంపెనీలవి. రెండు సిమ్ములు, వీధి చివరికి వినబడే స్పీకరు, నెత్తిన ఒక టార్చిలైటు, లోపల మెనూలో ఎక్కడో అడుగున బ్లాక్ లిస్టు అని ఒకటి. అందులో ఎవరి నంబరు వేస్తే వాళ్లు ఎన్నిసార్లు చేసినా మన ఫోను మోగదు. వాళ్లకి మాత్రం బిజీ అని వినిపిస్తుంది. ఈ సంగతి గూడెంలో అందరికంటే ముందు తెలుసుకున్నదాన్ని నేను. తెలిసినదానికంటే చాలా ఎక్కువ తెలుసనుకున్నదాన్ని కూడా నేనే.

డిగ్రీ అయిపోయి, బీఎడ్ సీటు కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉన్నానని మా నాన్న నన్ను తెలిసినాయన సెల్‌ఫోన్ల షాపులో చేర్పించారు. ఓనరు గారు రోజంతా కొత్త రింగ్‌టోన్లు వింటూ తల ఊపుతుండేవారు (ఆయన వినకుండా మేం ఆయన్ని ట్యూను గారు అనేవాళ్లం). ఫోనుతోపాటు వచ్చే పుస్తకాలు చదివే ఓపిక ఆయనకి లేదు. నాకు ఉంది. ఆ పుస్తకాల్లోని ఇంగ్లీషు ఏ దేశంవాళ్లు రాశారో గానీ, ఒక్కో వాక్యం మూడేసి సార్లు చదివితేగాని ఎటు మొదలైందో తెలిసేది కాదు. అయినా పట్టువదలకుండా అన్నీ చదివాను. నెల తిరిగేసరికి, "ఏవండీ, ఇది మా సెల్లు డాక్టరమ్మని అడగండి" అని ట్యూను గారే జనాన్ని నా వైపు పంపడం మొదలెట్టారు. ఇరవయ్యొక్కేళ్ల పిల్లకి డాక్టరమ్మ అనే పిలుపు ఎంత పని చేస్తుందో చెప్పాలా! నడకే మారిపోయింది నాకు.

జనం తెచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం ఒకటే. "మా బావమరిది నా నంబరు బ్లాక్ చేశాడేమో కాస్త చూస్తారా అండీ?" "మా ఫ్రెండుకి చేస్తే బిజీ బిజీ అంటంది మేడమ్, నిజంగా బిజీయేనా?" అడిగేటప్పుడు అందరూ గొంతు తగ్గించేవారు. చింతలపూడి వైపు నుంచి పామాయిల్ తోటలాయన ఒకరు వచ్చి, ముందు ఛార్జరు కావాలని, తర్వాత కవరు కావాలని, ఆఖరికి చుట్టూ చూసి అసలు సంగతి బయటపెట్టారు. అందరికీ నేను మూడు పరీక్షలు పెట్టేదాన్ని. మొదటిది, వాళ్ల ఫోను నుంచే చెయ్యడం. అర రింగు వచ్చి బిజీ అంటే అనుమానం. రెండోది, మా షాపు నంబరు నుంచి చెయ్యడం. హాయిగా మోగితే అనుమానం బలపడుతుంది. మూడోది, మెసేజి పంపి డెలివరీ రిపోర్టు చూడడం. పెండింగ్ అని వస్తే బ్లాక్ చేసినట్టు. డెలివర్డ్ అని వస్తే చదివి పక్కన పడేసినట్టు. (ఏది వచ్చినా నా తీర్పు ఒకటేనన్న సంగతి అప్పట్లో ఎవరికీ తట్టలేదు. నాకు అసలే తట్టలేదు.) తీర్పు చెప్పేటప్పుడు నేను కళ్లజోడు సవరించుకునేదాన్ని. నాకు చూపు బాగానే ఉండేది. ఆ కళ్లజోడు కేవలం షాపు కోసం.

అలా నేను వెలిగిపోతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం మా పెద్దత్త షాపు మెట్లెక్కింది. పెద్దత్త అంటే మా నాన్న పెద్దక్క. ఉంగుటూరు దగ్గర కాలవగట్టు ఊళ్లో చిన్న కిరాణా కొట్టు నడిపేది. వాళ్ల చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. ఆవిడ పాట మొదలెడితే కాలవ అవతల వరి ఊడుస్తున్నవాళ్లు కూడా నడుం ఎత్తి చూసేవారని మా నాన్న అనేవారు. ఆ గొంతుకి సెల్‌ఫోను అవసరమే లేదు గానీ, ఆవిడకి ప్రాణంతో సమానం అది. నూలుతో అల్లిన సంచిలో పెట్టి మెడలో వేసుకునేది. ఎందుకంటే రోజూ సాయంత్రం నాలుగింటికి చెల్లెలితో మాట్లాడాలి. ఆ చెల్లెలు మా చిన్నత్త. కొల్లేటికోటకి దగ్గర్లో ఒక లంక ఊళ్లో ఉండేది. అక్కడి స్కూల్లో మా చిన్నమావయ్య మేష్టారు. అక్కాచెల్లెళ్ల మాటల్లో పెద్ద విశేషాలేం ఉండేవి కాదు. నువ్వేం వండావు, నేనేం వండాను, మోకాలు ఎలా ఉంది, ఇక్కడ మబ్బేసింది అక్కడ వేసిందా. అంతే, గంట గడిచిపోయేది.

అందులో ఒక పద్ధతి ఉంది. చిన్నత్త పని తెముల్చుకుని ఒక మిస్డ్ కాల్ ఇస్తుంది, పెద్దత్త తిరిగి చేస్తుంది. "చిన్నదానివి, నీ బాలెన్సు ఎందుకే, నువ్వొక రింగు ఇయ్యి చాలు" అని పెద్దత్త శాసనం. అక్క మాట జవదాటే మనిషి కాదు చిన్నత్త.

"ఇదిగో, దీని సంగతి చూడు" అని పెద్దత్త మెడలోంచి సంచి తీసి నా ముందు పెట్టింది. మొహం చూస్తే జ్వరం వచ్చి లేచినట్టుంది. "తొమ్మిది రోజులయ్యిందే చిన్నదానితో మాట్లాడి. ఎప్పుడు చేసినా ఒకావిడ వచ్చి బిజీగా ఉన్నారంటంది. ఎవరే ఆవిడ? పొద్దున్నా ఆవిడే, సాయంత్రమూ ఆవిడే."

పైగా వచ్చే శనివారం చిన్నత్త కూతురికి ప్రధానం. సంబంధం కుదిరిన దగ్గర్నుంచి చీరలూ, వంటలూ, ఎవరెవర్ని పిలవాలన్నదీ అన్నీ ఈ నాలుగింటి ఫోన్లలోనే తేలుతున్నాయి. ప్రధానంలో పాట పెద్దత్తే పాడాలి. అది ముందే అనుకున్నది. అలాంటిది తొమ్మిది రోజులుగా మాటల్లేవు.

నేను కళ్లజోడు పెట్టుకున్నాను. మొదటి పరీక్ష: అర రింగు, తర్వాత ఆవిడ, బిజీ. రెండో పరీక్షకి షాపు ఫోను ఎత్తాను. చక్కగా నాలుగు రింగులు మోగి, "హలో, ఎవరండీ?" అని చిన్నత్త గొంతు వినిపించింది. ఠక్కున పెట్టేశాను.

"అదేంటే, మాట్లాడింది కదా! అడగవే!" అని పెద్దత్త కౌంటరు మీదకి వంగింది.

"వద్దత్తయ్యా, అడిగితే పరీక్ష చెడిపోతుంది" అన్నాను.

(ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే మొట్టుకోవాలనిపిస్తుంది. "చిన్నత్తా, నేనే" అని ఒక్క మాట అని ఉంటే మొత్తం గొడవ అక్కడికక్కడ తీరిపోయేది. కానీ ఏ డాక్టరైనా పరీక్ష మధ్యలో రోగంతో కబుర్లాడతాడా?)

మూడో పరీక్షకి పెద్దత్త ఫోన్లోంచి 'ఎలా ఉన్నావు' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపాను. డెలివర్డ్ అని వచ్చింది. పావుగంట కూర్చున్నాం. జవాబు రాలేదు. పైగా చిన్నత్త ఫోను నెల క్రితం మా షాపులో కొన్నదే. పాతది పడవ దాటుతూ నీళ్లలో పడిపోతే మావయ్య స్వయంగా వచ్చి కొనుక్కెళ్లారు, నేనే అమ్మాను. అందులో బ్లాక్ లిస్టు ఉందని నాకంటే ఎవరికి బాగా తెలుసు?

"అత్తయ్యా, మీరు మనసు గట్టి చేసుకోండి" అన్నాను. "చిన్నత్త మిమ్మల్ని బ్లాక్ చేసింది."

పెద్దత్త ఫోను తన వైపు లాక్కుంది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. "మరి రోజూ నాలుగింటికి మిస్డ్ కాల్ ఇస్తందే?" అంది చివరికి.

నిజం చెప్పాలంటే ఆ మాటకి నా తీర్పు అక్కడే కూలిపోవాలి. బ్లాక్ చేసిన మనిషి రోజూ మిస్డ్ కాల్ ఎందుకిస్తుంది? ఒక్క క్షణం నాకూ తడబాటు కలిగింది. కానీ వెనక ట్యూను గారు వింటున్నారు, పక్కన సిమ్ము కోసం వచ్చినాయన కూడా వింటున్నారు. "అది ఎగతాళి అత్తయ్యా" అన్నాను, చాలా స్థిరంగా. "మీరు చేస్తారని తెలుసు, చేస్తే బిజీ వస్తుందనీ తెలుసు. బ్లాక్ చేసేవాళ్లలో ఇదొక రకం."

"మిస్డ్ కాల్ ఇచ్చి మరీ!" అని పెద్దత్త నోటిమీద చెయ్యేసుకుంది. "నాకు తెలుసే ఎందుకో. పిల్లాణ్ణి చూసొచ్చిన రోజున, కుర్రాడు కాస్త పొట్టిగా ఉన్నాడేమోనే అన్నాను. అది మనసులో పెట్టుకుంది."

సిమ్ము కోసం వచ్చినాయన, "అంత మాట అనకుండా ఉండాల్సిందండీ" అన్నారు, నిజంగా బాధపడుతూ.

ఆ సాయంత్రానికి పెద్దత్త తీర్మానం మా ఇంటికి చేరింది. ప్రధానానికి రాదు, పాట పాడదు. చెల్లెలు బ్లాక్ చేసిందన్న సంగతి అప్పటికే కొట్టుకి వచ్చిన వాళ్లందరికీ పప్పుతోనూ ఉప్పుతోనూ కలిపి చెప్పేసింది. మా నాన్న నచ్చజెప్పబోతే, "నేను చెప్పట్లేదురా, నీ కూతురు చెప్పింది, డాక్టరమ్మ" అంది. నాన్న నా వైపు చూశారు. నేను మూడు పరీక్షలూ వివరించాను. ఆయన ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. "నువ్వు చెప్పింది బాగానే ఉంది గానీ, ఆ పిల్ల అలా చేసే పిల్ల కాదమ్మా" అన్నారు. ఆయనకి చిన్నత్త యాభై ఏళ్లు దగ్గరపడినా ఇంకా ఆ పిల్లే.

రాత్రంతా ఆలోచించుకుని, మర్నాడు పొద్దున్నే పెద్దత్త ఇంకో నిర్ణయంతో వచ్చింది. నేను పెట్టిన మూడింటికంటే ఇది గొప్ప పరీక్షని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. "నేను వెళ్లి దాని గుమ్మంలో నిలబడతాను. దాని కళ్లెదురుగా, నా సెల్లులోంచి దానికి చేస్తాను. అప్పుడు ఏం చెబుతుందో చూస్తాను. నువ్వు సాక్షిగా రా."

ఆదివారం ఆరాధన కాగానే బయల్దేరాం. ఉంగుటూరు నుంచి ఏలూరు బస్సు, ఏలూరులో దిగి కైకలూరు వైపు ఇంకో బస్సు. పెద్దత్త ఒళ్లో ఒక పెద్ద సంచి. అందులో ఒక చీర, రెండు కట్టల మామిడితాండ్ర.

"పోట్లాటకి వెళుతూ తాండ్ర ఎందుకత్తయ్యా?" అన్నాను.

"అది పిల్లకి. పోట్లాట దాని తల్లితో" అంది పెద్దత్త, కిటికీలోంచి చూపు తిప్పకుండా. బయట రోడ్డుకి అటూ ఇటూ నీళ్లు, గట్లు, మళ్లీ నీళ్లు. ఒంటికాలి మీద నిలబడ్డ కొంగల్ని చూసి, "చిన్నప్పుడు వీటి వెనకాల పరిగెత్తి బురదలో పడేది. నేనే లాగేదాన్ని" అంది. ఎవరన్నది చెప్పలేదు. నేనూ అడగలేదు.

బస్సు దిగి ఆటో, ఆటో దిగి పడవ. వెడల్పాటి డ్రెయిను దాటాలి; రెండు సైకిళ్లు, ఒక మోటారుసైకిలు, మేమిద్దరం ఎక్కాం. సరిగ్గా నడిమధ్యకి వచ్చేసరికి పెద్దత్త మెడలో సంచి ఒక్కసారి కుయ్యిమని ఆగిపోయింది. చిన్నత్త మిస్డ్ కాల్! పెద్దత్త వెంటనే తిరిగి చేసింది. స్పీకరు పెట్టింది. అర రింగు. బిజీగా ఉన్నారు, దయచేసి కొంతసేపటి తర్వాత ప్రయత్నించండి.

"చూశావా! చూశావా!" అని పడవలో లేచి నిలబడబోయింది.

"కూకోండమ్మా, పడవ ఒరిగిపోద్ది" అన్నాడు పడవతను. తర్వాత మర్యాదగా, "సిగ్నలు ఇక్కడ బాగానే ఉంటదండి మరి" అని కూడా చేర్చాడు. నా పరీక్షకి అంతకంటే రుజువేం కావాలి? నేను కళ్లజోడు సవరించుకున్నాను.

చిన్నత్త వాళ్ల ఇల్లు స్కూలు పక్కనే. మేం వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని బొమ్మిడాయిలు శుభ్రం చేస్తోంది. పక్కన పీట మీద సెల్లు. అక్కని చూడగానే చేతిలో చేప అలాగే వదిలేసి లేచింది. "అక్కా!" అని రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది. మొహం బిగుసుకుంది. "ఇప్పటికి గుర్తొచ్చానా?" అంది.

పెద్దత్త గుమ్మానికి నాలుగు గజాల దూరంలో, అనుకున్నట్టే నిలబడింది. మెడలో సంచి తీసి, నంబరు నొక్కి, ఫోను చాచి పట్టుకుంది. పీట మీది సెల్లు మోగలేదు. కదలలేదు. పెద్దత్త ఫోన్లోంచి మాత్రం ఆవిడ గొంతు వాకిలంతా వినిపించింది. బిజీగా ఉన్నారు.

"ఎవరే బిజీ? చేపలు తోముకుంటున్నావు కదే! పొట్టి అన్నాననే కదా నన్ను బ్లాక్ చేశావు?"

"ఎవరు పొట్టి?" అంది చిన్నత్త.

లోపల్నుంచి పెళ్లికూతురు కాబోయే పిల్ల తలుపు దగ్గరికి వచ్చింది. "ఎవరు పొట్టి పెద్దమ్మా?" అని అదీ అడిగింది. పెద్దత్త ఫోను చటుక్కున సంచిలోకి దోపింది. ఆ మాట చిన్నత్త అసలు వినిపించుకోనే లేదని తర్వాత తెలిసింది. కానీ అప్పుడు జరగాల్సిన నష్టం జరిగిపోయింది. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇక ఇద్దరూ ఒకేసారి మొదలెట్టారు. చిన్నత్త మాటల్లో తేలింది ఏమిటంటే, ఈ పది రోజులూ ఆవిడ నాలుగింటికల్లా స్నానం చేసి, మిస్డ్ కాల్ ఇచ్చి, ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటోంది. అక్క తిరిగి చెయ్యట్లేదు. ప్రధానం చీర రంగు తనని అడక్కుండా తీసుకున్నామని అక్కకి కోపం వచ్చిందనుకుంది. మరి నువ్వే చెయ్యొచ్చు కదే అంటే, "నువ్వే కదా నన్ను చెయ్యొద్దన్నావు!" అని భోరుమని, నా వైపు తిరిగింది. "అక్క రాకపోతే ప్రధానం వద్దండీ, వాయిదా వెయ్యండి అని రాత్రే మీ మావయ్యతో అన్నాను. అడుగు కావాలంటే."

మావయ్య అరుగు చివర నిలబడి తల ఊపారు. ఆయన నెమ్మదైన మనిషి. పీట మీది ఫోను తీసి, తువ్వాలుతో తుడిచి, నా చేతిలో పెట్టారు. "నువ్వు చూడమ్మా డాక్టరమ్మా. మాకెవరికీ ఇందులో సంగతులు తెలియవు. ఎత్తడం, పెట్టెయ్యడం, అంతవరకే."

నాకు తెలియకుండానే ఫోను పట్టుకుని పెరట్లోకి, నీళ్ల గాబు దగ్గరికి నడిచాను. మెనూ, సెట్టింగులు, దాని కింద ఇంకొకటి, దాని అడుగున బ్లాక్ లిస్టు. అందులో ఒకే ఒక్క నంబరు. పెద్దత్తది.

ఎత్తడం, పెట్టెయ్యడం తప్ప ఏమీ తెలియని మనిషి ఇంత లోతుకి వచ్చి నంబరు ఎలా వేసింది? అప్పుడు కళ్లముందు మెదిలింది. ఈ ఫోను మా షాపులో చూపించడానికి బయట పెట్టిన ముక్క. ఎవరో అడిగితే, బ్లాక్ లిస్టు ఎలా వాడాలో చూపిస్తూ ఏదో ఒక నంబరు వేద్దామనుకున్నాను. మా ఇంటిది కాక నాకు కంఠతా వచ్చిన నంబరు లోకంలో ఒక్కటే ఉంది. వేశాను, చూపించాను, చూసినాయన ఆశ్చర్యపోయారు, ఆ ఆనందంలో తీసెయ్యడం మరిచిపోయాను. తర్వాత మావయ్య వస్తే, మనవాళ్లు కదాని ధర తగ్గించి ఇప్పించి, ఆ ముక్కే చేతిలో పెట్టాను. కొన్నాక మొదటి ఇరవై రోజులూ అక్కాచెల్లెళ్లు రెండో గూట్లో వేసిన మావయ్య సిమ్ములో మాట్లాడుకున్నారట. అది తీసేసి, చిన్నత్త పాత నంబరు మళ్లీ తెప్పించి మొదటి గూట్లో వేసింది ఈ పది రోజుల కిందటే. అప్పుడు ఆ గూట్లో వేసుకోమని మావయ్యకి ఫోన్లో చెప్పిందీ, ఆ లిస్టు ఆ గూటి సిమ్ముకే పని చేస్తుందని తెలిసిందీ నేనే. అంటే రోగం అంటించిందీ నేనే, తొమ్మిది రోజుల తర్వాత కళ్లజోడు పెట్టుకుని రోగి బంధువులకి కబురు చెప్పిందీ నేనే.

గాబు పక్కన నిలబడి ఆ నంబరు తీసేశాను. తీసేసి, వచ్చి, చెప్పాను: "నెట్‌వర్కు సమస్య. నీళ్ల మీద సిగ్నలు జారిపోతుంది. రెండు టవర్లు కలిసేచోట ఇలా అవుతూ ఉంటుంది. సరిచేశాను."

ఎంత నమ్మకంగా చెప్పానంటే, మావయ్య సైన్సు మేష్టారై ఉండి కూడా "ఓహో" అన్నారు. పెద్దత్త మళ్లీ నంబరు నొక్కింది. పీట మీది సెల్లు వీధి వీధంతా అదిరేలా మోగింది. చిన్నత్త ఎదురుగా ఉన్న అక్కని చూస్తూనే ఫోనెత్తి "హలో" అంది. "ఏం వండుతున్నావే?" అంది పెద్దత్త ఫోన్లోనే. "బొమ్మిడాయిల పులుసు" అంది చిన్నత్త. అంతే, ఇద్దరూ ఫోన్లు చెవుల దగ్గరే ఉంచుకుని ఏడ్చేశారు.

అక్కడితో అయిపోయి ఉంటే నేను ఈ రోజుకీ డాక్టరమ్మనే. కానీ పెద్దత్త భక్తిపరురాలు. లోపలికి వచ్చి, చాపల మీద అందర్నీ కూర్చోబెట్టి, నెత్తిన కొంగు వేసుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలెట్టింది. "ప్రభువా, ఏ పాపమూ ఎరగని నా చెల్లెల్ని అనుమానించాను. దాని గురించి ఊళ్లో నలుగురి దగ్గరా చెడ్డగా చెప్పాను. బంగారం లాంటి కుర్రాణ్ణి పొట్టి అన్నాను. ఈ పాపం నాది, నాది ఒక్కదానిదే..." కన్నీళ్లు ధారగా కారుతున్నాయి. పక్కన చిన్నత్త, "కాదు ప్రభువా, నాది" అని మొదలెట్టింది. ఇద్దరూ పాపం నాదంటే నాదని పంచుకుంటున్నారు. అసలు హక్కుదారురాలు మూడో చాప మీద కూర్చుని ఉంది. ఒక కన్ను తెరిచి చూశాను. పిల్ల కూడా ఏడుస్తోంది. ఇంక నా వల్ల కాలేదు.

"నేనే వేశాను అత్తయ్యా" అన్నాను. "షాపులో. చూపించడానికి. తీసెయ్యడం మర్చిపోయాను. నెట్‌వర్కు కాదు."

ప్రార్థన ఆగిపోయింది. కళ్లు మూసుకునే ఉంది పెద్దత్త. తర్వాత ఆవిడ, మధ్యలో వదిలెయ్యడం తప్పు గనక, మిగిలిన ప్రార్థన తొందర తొందరగా పూర్తి చేసి, స్పష్టంగా "ఆమెన్" అని, కళ్లు తెరిచి, లేచి వచ్చి నా వీపు మీద ఒక్కటిచ్చింది. పాట ఎత్తుకునే మనిషి ఊపిరి బలం ఎంతో ఆ దెబ్బలో తెలిసింది. కళ్లజోడు ఎగిరి తాండ్ర మీద పడింది.

"మూడు పరీక్షలు పెట్టావు కదే!" అంది ఆయాసంతో. "మూడు పరీక్షలు!"

ముందు నవ్వింది చిన్నత్త. కొంగు నోట్లో కుక్కుకుని, ఆపుకోలేక, గోడకి చేరగిలబడి నవ్వింది. తర్వాత పిల్ల. తర్వాత మావయ్య, "డాక్టరమ్మ మందులోనే జబ్బు ఉందన్నమాట" అన్నారు. చివరికి పెద్దత్త కూడా, నా వీపు రాస్తూనే, నవ్వింది. ఆ సాయంత్రం మిగిలిన బొమ్మిడాయిలన్నీ శుభ్రం చేసే శిక్ష నాకు పడింది. వాటి ఒంటిమీది జిగురు వదలాలంటే బూడిదేసి ఎంతసేపు రుద్దాలో మూడు పరీక్షల్లో ఎక్కడా లేదు.

ప్రధానం అనుకున్న శనివారమే జరిగింది. కుర్రాడు నిజంగానే కాస్త పొట్టి. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. పెద్దత్త పాట ఎత్తుకునే ముందు, వచ్చినవాళ్లందరికీ ఈ కథ మొదట్నుంచీ చివరిదాకా చెప్పింది. పేరు చెప్పకుండా "మా ఇంట్లో ఒక డాక్టరమ్మ ఉంది" అంటూ నా వైపే చూసి చెప్పింది. గూడెం తిరిగొచ్చాక నేను కళ్లజోడు సొరుగులో పడేశాను. ఆ తర్వాత ఎవరైనా వచ్చి "బ్లాక్ చేశారేమో చూడండి" అంటే, ముందు షాపు ఫోను నుంచి చేసి వాళ్ల చేతికే ఇచ్చి, "మాట్లాడండి" అనేదాన్ని. కొందరు మాట్లాడేవారు. కొందరు భయపడి పెట్టేసేవారు. ఆ ఏడాది బీఎడ్ సీటు వచ్చింది, షాపు మానేశాను.

పెద్దత్త పోయి ఆరేళ్లవుతోంది. నేను ఇప్పుడు ఏలూరులో టీచర్ని. చూపు నిజంగానే మందగించి నిజమైన కళ్లజోడే వచ్చింది. చిన్నత్త దగ్గర కూతురు కొనిచ్చిన పెద్ద ఫోను ఉంది. లోన్లు కావాలా అని చేసేవాళ్ల బెడద పడలేక బ్లాక్ చెయ్యడం తనే నేర్చుకుంది. నేర్చుకుందంటే, కోపం వచ్చినప్పుడు చేతికందిన నంబరు నొక్కేస్తుంది. రెండు మూడు నెలలకొకసారి అందులో నా నంబరు పడిపోతుంటుంది. నాకు అర రింగు వచ్చి ఆగిపోతుంది. నేను పరీక్షలేం పెట్టను. ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కుతాను.

మొన్నొక ఆదివారం అలాగే వెళ్లాను. పులుసు వడ్డిస్తూ చిన్నత్త నా మొహం చూసి, "మళ్లీ పడ్డావా అందులో?" అంది. పడ్డానన్నాను. భోజనం మధ్యలోనే ఎడం చేత్తో ఆవిడ ఫోను తీసి లిస్టు తెరిచాను. నా పేరు పైనే ఉంది.

"తియ్యకే" అంది చిన్నత్త, గరిటె పట్టుకునే. "ఉండనీ. అది అలా ఉంటేనే నువ్వింత దూరం వస్తున్నావు."

ఆ ఇరవయ్యొక్కేళ్ల డాక్టరమ్మ అయితే ఒక్క క్షణంలో తీసేసి, ఎలా తీసిందో వీధి వీధంతా వివరించి ఉండేది. అంత తెలిసిన పిల్ల మళ్లీ నాలో ఎక్కడా కనబడలేదు. నేను ఫోను పీట మీద పెట్టేసి, ఇంకో ముద్ద కలుపుకున్నాను.